పరీక్ష లేని ఫోన్ కసరత్తు ప్రాణాల మీదికి తెస్తుంది

చలి ముదురుతోంది. పాత దగ్గు, ఆయాసం ఉన్నవాళ్ళకు ఏడాది మొత్తంలో గడ్డు నెలలివి. తెల్లవారుజామున దిగే మంచు, కోతలయ్యాక పొలాల్లో అంటించే గడ్డి పొగ, ఊరి చివర కాల్చే చెత్త, భోగి మంటల్లో పడే పాత టైర్లు, అన్నీ కలిసి బలహీనమైన ఊపిరితిత్తుల మీదే పడతాయి. ఆస్పత్రిలో చేరి, కొన్నాళ్ళు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చినవాళ్ళ చేతికి మందుల చీటీతో పాటు ఈమధ్య మరొకటి కూడా అందుతోంది. ఫోన్లో ఒక వీడియో లింకు, ‘రోజూ ఇది చూసి చేయండి’ అన్న ఒక్క మాట. అది ఆస్పత్రివాళ్ళు పంపింది కావచ్చు, చుట్టాలు పంపింది కావచ్చు, డబ్బు కట్టి చేరిన ఆన్‌లైన్ క్లాసు కావచ్చు.

ఆ లింకు తెరిచే ముందు ఈ మాట వినండి. రోగిని ఒకసారి ఎదురుగా నడిపించి చూడకుండా, నడుస్తున్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ ఎంతకు పడిపోతుందో కొలవకుండా, గుండె సంగతి తెలుసుకోకుండా ఫోన్లో చేయించే కసరత్తు ప్రమాదం. ఎవరు చెప్పినా సరే, ఎంత పేరున్న చోటు నుంచి వచ్చినా సరే, ఆ మొదటి పరీక్ష జరిగేదాకా మొదలుపెట్టకండి.

దీన్ని చదివి ‘మా నాన్నను కదలనివ్వకూడదన్నమాట’ అని ఎవరూ అనుకోవద్దు. అలా అనుకుంటే నేను రాసింది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఊపిరితిత్తుల జబ్బు మనిషిని మంచానికి కట్టేసే తీరు ఇలా ఉంటుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది కాబట్టి నడక మానేస్తాడు. నడక మానేసరికి తొడ కండరాలు కరుగుతాయి. కండ కరిగాక అదే నాలుగడుగులకు ఇంకా ఎక్కువ గాలి కావాల్సి వస్తుంది. బజారుకు వెళ్ళేవాడు అరుగు దాకా, అరుగు దాకా వెళ్ళేవాడు దొడ్డి దాకా, చివరికి మంచం దిగి స్నానానికి వెళ్ళడం కూడా పెద్ద పనయ్యేదాకా వస్తుంది. మందులు గాలి గొట్టాలను కొంత తెరవగలవు గానీ కరిగిన కండను తిరిగి తేలేవు. దాన్ని తెచ్చేది క్రమం తప్పని, కొలిచి ఇచ్చిన వ్యాయామం. డాక్టర్లు పల్మనరీ రిహాబిలిటేషన్ అనేది, మనం ఊపిరితిత్తుల పునరావాస చికిత్స అనుకోదగినది ఇదే. సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వారాలు సాగుతుంది. నడక, చేతులకూ కాళ్ళకూ బలమిచ్చే కసరత్తులు, పెదవులు ముడిచి నెమ్మదిగా గాలి వదలడం, ఇన్‌హేలర్ సరిగ్గా పీల్చడం, తిండి, పొగాకు మానడం, జబ్బు ముదిరే గుర్తులు పట్టుకోవడం, ఇవన్నీ అందులో భాగం.

దాని విలువ మీద వైద్యంలో ఇప్పుడు తగవు లేదు. 2015లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 65 అధ్యయనాలను కూడబెట్టి చూసి, ఇది ఆయాసాన్ని తగ్గిస్తుందనీ, నడవగలిగే దూరాన్ని పెంచుతుందనీ తేల్చింది. అమెరికాలో 2014లో సీవోపీడీతో, అంటే గాలి గొట్టాలు ఇరుకయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుతో, ఆస్పత్రిలో చేరి ఇంటికెళ్ళిన లక్షా తొంభై ఏడు వేల మందికి పైగా వృద్ధుల రికార్డులు పరిశీలిస్తే, 90 రోజుల్లోపు పునరావాసం మొదలుపెట్టినవాళ్ళలో ఏడాదిలో చనిపోయినవారు 7.3 శాతం, మొదలుపెట్టనివాళ్ళలో 19.6 శాతం. కాస్త ఓపికున్నవాళ్ళే చేరి ఉంటారు కాబట్టి తేడా మొత్తాన్నీ చికిత్స ఖాతాలో వేయలేం. అయినా పట్టించుకోకుండా వదిలేయగలిగినంత చిన్న తేడా కాదది. అంత సంపన్న దేశంలో కూడా ఆ 90 రోజుల్లో చేరినవాళ్ళు నూటికి ఇద్దరు లేరు.

మన దగ్గర ఈ జబ్బు ఎవరికుందో చూడండి. 2016 నాటికి దేశంలో సీవోపీడీ ఉన్నవాళ్ళు సుమారు 5.5 కోట్ల మందని అంచనా. 1990లో ఆ సంఖ్య 2.8 కోట్లు. బీడీ, చుట్ట కాల్చిన మగవాళ్ళు సరే. ఉత్తరాంధ్రలో చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళున్నారు. ఊదుగొట్టంతో పొయ్యి ఊది ఊది, తడి కట్టెల పొగా పిడకల పొగా ముప్పై నలభై ఏళ్ళు పీల్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్నారు. బీడీ ముట్టని ఆవిడకు పొగతాగేవాళ్ళ జబ్బేమిటని ఇంట్లోవాళ్ళకు ఆశ్చర్యం. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటి వసారాలో కూర్చుని బీడీలు చుట్టినవాళ్ళున్నారు. క్వారీల్లో, క్రషర్ల దగ్గర రాతి దుమ్ము, గనుల్లో బొగ్గు ధూళి పీల్చినవాళ్ళున్నారు. క్షయ నయమైనా మచ్చలు పడిన ఊపిరితిత్తులతో మిగిలినవాళ్ళున్నారు. వీళ్ళందరి బాధకూ మన ఊళ్ళలో ఉన్నది ఒక్క మాటే. కోస్తాలో ఆయాసం, తెలంగాణలో దమ్ము. కానీ లోపల ఉన్న జబ్బు ఒకటి కాదు. ఒకరికి గాలి లోపలే చిక్కుకుపోతుంది. ఇంకొకరి ఊపిరితిత్తి తోలులా గట్టిపడి అసలు సాగదు. మరొకరి ఆయాసానికి కారణం ఊపిరితిత్తి కన్నా గుండె ఎక్కువ. అందరికీ ఒకే వీడియో పంపడంలో ఉన్న మొదటి ప్రమాదం ఇక్కడే పుడుతుంది.

దూరం నుంచి పునరావాసం అనే ఆలోచనే తప్పని నేననను. దాని అవసరం మనకు చాలా ఉంది. పాడేరు కొండల్లో ఉన్న మనిషి వారానికి మూడుసార్లు విశాఖకు రాలేడు. ఆసిఫాబాద్ నుంచి ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రికి రావాలంటే ఒక రోజు కూలీ, బస్సు చార్జీలు, తోడుగా ఇంకో మనిషి కూలీ పోతాయి. బస్సెక్కే ఓపికే లేని మనిషికి బస్సు దిగాక చికిత్స అంటే అందని మాట. 2021లో వెలువడిన కాక్రేన్ సమీక్ష 15 అధ్యయనాలు, 1,904 మంది రోగుల వివరాలు చూసి, దూరం నుంచి జరిగే పునరావాసం ఆస్పత్రిలో జరిగేదానికి దాదాపు సమానంగా పనిచేస్తుందనీ, అదనపు హాని కనబడలేదనీ చెప్పింది. మొదలుపెట్టినవాళ్ళలో పూర్తిచేసినవారు ఇంటి నుంచైతే 93 శాతం, ఆస్పత్రికి వచ్చేవాళ్ళలో 70 శాతం. ఈ పద్ధతిని అమ్మేవాళ్ళు చూపించే అంకెలు ఇవే. అంకెలు నిజమే. అయితే ఆ అధ్యయనాలు ఎక్కువగా చిన్నవి, ఆధారాలు ఇంకా బలపడాలని ఆ సమీక్షే చెప్పింది. అంతకన్నా ముఖ్యం, ఆ రోగులు ఎవరో తెలియని గుంపు కాదు. జబ్బేమిటో తేల్చి, పరీక్షించి, తగినవాళ్ళనుకున్నాక చేర్చుకున్న రోగులు. ఆ సంగతి పక్కన పెట్టి అంకెల్ని మాత్రమే చూపించడం న్యాయం కాదు.

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ పరిశోధకులు 166 మందితో చేసిన ప్రయోగం 2017లో అచ్చయింది. నాకు తెలిసినంతలో మన పల్లెలకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది అదే. వీడియో లేదు, యాప్ లేదు, ఖరీదైన యంత్రం లేదు. ఎనిమిది వారాలు, మామూలు టెలిఫోను. ఫలితాలు ఆస్పత్రి పద్ధతికి తీసిపోలేదు. కానీ ఆ ఎనిమిది వారాల నిర్మాణం చూడండి. మొదటి వారం ఫిజియోథెరపిస్టు స్వయంగా రోగి ఇంటికి వెళ్ళాలి. అక్కడే నడిపించి, ఎంత వేగంతో, ఎంతసేపు అన్నది ఆ మనిషికి తగ్గట్టు నిర్ణయించాలి. ఆ తర్వాతే వారానికొకటి చొప్పున ఏడు ఫోన్లు. ఏడు ఫోన్లకూ బలం ఆ మొదటి రాకలో ఉంది. మన దగ్గర ఫోన్లను ఉంచుకుని ఆ రాకను తీసేస్తున్నారు. తీసేయడానికి సులువైనది, ఖర్చు మిగిల్చేది అదే కాబట్టి.

ఇది నా ఒక్కడి పట్టింపు కాదు. పునరావాసం అని పిలవాలంటే ఏమేం ఉండి తీరాలో 2021లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ నిపుణుల బృందం 13 అంశాలుగా తేల్చింది. అందులో మొదటిది, ఆరోగ్య నిపుణుడు కేంద్రంలో ఎదురుగా చేసే తొలి పరీక్ష. ఆ వెంటే వ్యాయామ పరీక్ష. కసరత్తు ఇంట్లో జరిగినా, ఫోన్లో జరిగినా ఈ రెండూ తప్పవు. ఇంటి నుంచైనా, ఆస్పత్రిలోనైనా రోగి ఎంచుకోవచ్చని 2023లో అదే సొసైటీ మార్గదర్శకాలు చెప్పినప్పుడు వాళ్ళ మనసులో ఉన్నది ఇలాంటి పునరావాసమే.

ఆ తొలి పరీక్షలో ఏముంటుంది? ఆరు నిమిషాల నడక పరీక్షనే తీసుకుందాం. ముప్పై మీటర్ల వరండా, రెండు కొసల్లో రెండు గుర్తులు. ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్ళీ వెనక్కి, ఆరు నిమిషాల్లో రోగి తన శక్తి కొద్దీ ఎంత దూరం నడుస్తాడో చూస్తారు. వేలికి ఆక్సిమీటర్ ఉంటుంది. నడక ముందూ వెనకా ఆయాసం ఎంతుందో సున్నా నుంచి పది లోపల ఒక అంకె చెప్పమంటారు. వరండా పక్కన కుర్చీ, అందుబాటులో ఆక్సిజన్, చూస్తూ ఒక మనిషి ఉంటారు. చూసేవాళ్ళకు ఇది చిన్న తతంగంలా అనిపిస్తుంది. కానీ కూర్చున్నప్పుడు 95 చూపించిన అంకె మూడో నిమిషంలో 84కి జారిపోయే మనుషులు ఉంటారు. గట్టిపడిన ఊపిరితిత్తులవాళ్ళలో ఆ జారుడు మరీ వేగం. వాళ్ళలో కొందరికి ఆయాసం కూడా అంతగా తెలియదు. ‘బాగానే ఉన్నానండీ’ అంటూనే నడుస్తుంటారు. ఈ మనిషికి నడక మానిపించాల్సిన పని లేదు. ఎంత వేగంతో నడవాలో, ఎక్కడ ఆగాలో, నడిచేటప్పుడు ఆక్సిజన్ కావాలో లేదో చెప్పాలి. అది చెప్పడానికి ముందు జారుతుందన్న సంగతి ఒకరికి తెలిసి ఉండాలి.

గుండె మాట మరిచిపోకూడదు. బీడీ ఊపిరితిత్తుల్ని పాడుచేసినప్పుడు గుండె రక్తనాళాల్ని వదలదు. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు, కూర్చున్నా ఛాతీ నొప్పి వచ్చేవాళ్ళు, గుండె లయ అదుపులో లేనివాళ్ళు, కవాటం బాగా ఇరుకైనవాళ్ళు, నడుస్తూ కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళు కసరత్తు మొదలుపెట్టే ముందు గుండె డాక్టరు చూసి తీరాలి. ఈసీజీ తీయించుకోండి. కాళ్ళ వాపు ఉంటే ఎకో గురించి అడగండి. షుగర్ మందులో ఇన్సులినో వాడేవాళ్ళకు వ్యాయామంతో చక్కెర పడిపోవచ్చు. వీడియోలో మాట్లాడే మనిషికి ఇవేవీ తెలియవు, తెలుసుకునే దారీ లేదు. బ్రేకులు చూడకుండా బండిని ఘాట్ రోడ్డు ఎక్కించినట్టే ఉంటుంది.

‘మా ఇంట్లో ఆక్సిమీటర్ ఉంది’ అంటారు చాలామంది. కరోనా పుణ్యమా అని నిజంగానే చాలా ఇళ్ళలో ఉంది. అది పనికొచ్చే వస్తువే, కానీ దాన్ని దేవుడి మాటలా నమ్మకండి. చేతులు చల్లబడి ఉన్నా, గోళ్ళకు రంగు ఉన్నా, వేలు కదులుతున్నా తప్పు అంకె చూపిస్తుంది. ముదురు రంగు చర్మం మీద ఉన్నదాని కంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020 డిసెంబరులో అమెరికాలో వెలువడిన అధ్యయనం బయటపెట్టింది. ఆక్సిమీటర్ 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నా, అసలు రక్త పరీక్షలో 88 కంటే తక్కువ తేలినవాళ్ళు తెల్లవాళ్ళలో 3.6 శాతం, నల్లజాతివాళ్ళలో 11.7 శాతం. నడక పూర్తయి, కూర్చుని, చెయ్యి కదపకుండా, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగి చూడాలి. చాలా కేంద్రాల్లో 88 కంటే దిగితే కసరత్తు ఆపిస్తారు. మీకు ఆ గీత ఎక్కడో మీ డాక్టరు చీటీ మీద రాసివ్వాలి. రాయకపోతే అడిగి రాయించుకోండి.

మేలు చేయాలని చేసింది కూడా కీడు కావచ్చని చెప్పే అనుభవాలు రెండున్నాయి. ఈ రంగంలో ఉన్నవాళ్ళందరూ వాటిని గుర్తు పెట్టుకోవాలి. ఇంగ్లండులో లెస్టర్ ప్రాంతంలో 389 మంది రోగులతో ఒక ప్రయోగం జరిగింది. జబ్బు తిరగబెట్టి ఆస్పత్రిలో ఉన్నప్పుడే, చేరిన 48 గంటల్లోపే వ్యాయామం మొదలుపెట్టారు. ఇంటికెళ్ళాక కూడా ఆరు వారాలు కొనసాగేలా ఏర్పాటు చేశారు. 2014లో ఫలితాలు వచ్చాయి. మళ్ళీ ఆస్పత్రి పాలవడం తగ్గలేదు సరికదా, ఏడాది తిరిగేసరికి చనిపోయినవాళ్ళు వ్యాయామం చేసిన గుంపులోనే ఎక్కువ తేలారు. ఆ తర్వాత 2017లో ఐరోపా, అమెరికా శ్వాసకోశ నిపుణుల సంఘాలు కలిసి ఆస్పత్రిలో ఉండగా మొదలుపెట్టవద్దని, ఇంటికెళ్ళాక మూడు వారాల్లోపు మొదలుపెట్టమని సలహా ఇచ్చాయి. అంటే కఫం రంగు మారి, జ్వరం ఉండి, రాత్రంతా నిద్ర లేని మనిషి చేత ‘క్లాసు పోతుంది నాన్నా, చెయ్యి’ అని కసరత్తు చేయించకూడదు.

రెండోది అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో జరిగింది. అందులో వ్యాయామం ప్రధానం కాదు. జబ్బు గురించి పాఠాలు, తిరగబెడితే ఇంట్లోనే ఏ మందులు మొదలుపెట్టాలో చెప్పే కాగితం, క్రమంగా వచ్చే ఫోన్లు. మనం ఇప్పుడు దూరవైద్యం పేరుతో కోరుకునేవన్నీ అందులో ఉన్నాయి. 20 ఆస్పత్రులు, 426 మంది రోగులు. ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఈ ఏర్పాటు ఉన్నవాళ్ళలో 28 మంది చనిపోయారు, మామూలు వైద్యం అందినవాళ్ళలో 10 మంది. ఎందుకో పరిశోధకులు ఎంత వెతికినా తేల్చలేకపోయారు. 2012లో అది అచ్చయింది. ఇలాంటి ఏర్పాట్లు మేలు చేసిన అధ్యయనాలూ ఉన్నాయి కాబట్టి ఈ ఒక్కదానితో ఫోన్ వైద్యాన్ని తీసిపారేయనక్కర్లేదు. కానీ ‘ఫోనే కదా, పోయేదేముంది’ అనే మాట మాత్రం ఇకనుంచి ఎవరూ అనకూడదు. పోయిన ప్రాణాలు కళ్ళముందున్నాయి.

ఇక ఇంట్లోకి వద్దాం. ఇలాంటి ఒక క్లాసు జరుగుతుండగా ఒక ఇంట్లో నేను చూసింది చెబుతాను. స్టూలు మీద స్టీలు చెంబుకు ఆనించిన ఫోను. తెరలో కనిపించేది పెద్దాయన గడ్డం నుంచి బొజ్జ దాకా. కుర్చీలోంచి లేచి నిలబడ్డప్పుడు తల తెర దాటిపోతుంది, కాళ్ళు అసలే కనబడవు. కిటికీ ఆయన వెనక ఉంది కాబట్టి ముఖమంతా నీడ. పెదవులు నీలంగా మారినా అవతలివాళ్ళకు తెలిసే దారి లేదు. ఆయనతో పాటు ఆ క్లాసులో తెర నిండా చిన్న చిన్న గళ్ళలో ఇంకా చాలామంది ఉన్నారు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, గది మూల కాన్సన్‌ట్రేటర్, దానికి నాలుగడుగుల దూరంలో గోడకున్న దేవుడి అరలో వెలుగుతున్న దీపం, పక్కనే అగరొత్తి. ఆ ఇంట్లోవాళ్ళు అజాగ్రత్త మనుషులు కారు. ఆక్సిజన్ ఉన్న చోట నిప్పు ఉండకూడదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఒక్క మనిషి ఒక్కసారి ఆ గడప దాటి లోపలికొచ్చి ఉంటే ముందు ఆ దీపాన్ని వేరే గదిలోకి మార్పించేవాళ్ళు.

కాబట్టి ఈ రోజే చేయండి. ఆక్సిజన్ వాడే గదిలో దీపం, అగరొత్తి, కర్పూరం, గ్యాసు పొయ్యి, బీడీ ఏవీ వద్దు. ఆక్సిజన్ తానుగా మండదు, కానీ చిన్న నిప్పురవ్వను క్షణంలో మంటగా మార్చేస్తుంది. ముక్కు ఎండిపోతోందని వాజలిన్ లాంటి పెట్రోలియం జెల్లీ రాయకండి. కరెంటు పోతే కాన్సన్‌ట్రేటర్ ఆగిపోతుంది, ఇన్వర్టరో సిలిండరో లేకుండా కసరత్తు సమయం పెట్టుకోకండి. ఇంకొకటి, ఇది ప్రాణాంతకమైన పొరపాటు. కసరత్తులో ఆయాసం రాగానే కంగారుపడి ఆక్సిజన్ మీటర్ మీద ఉన్న బంతిని రెండు లీటర్ల నుంచి ఐదుకు లేపేస్తారు. సీవోపీడీ ఉన్న కొందరిలో ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుపోతుంది. మనిషి మత్తుగా అయిపోతాడు, మాట తడబడుతుంది, పొద్దున లేవగానే తలనొప్పి ఉంటుంది. ఇంట్లోవాళ్ళు ‘హాయిగా నిద్రపోతున్నారు’ అనుకుంటారు. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో అంబులెన్సుల్లో 405 మందిపై జరిగి 2010లో వెలువడిన అధ్యయనంలో, ఆక్సిజన్‌ను 88 నుంచి 92 మధ్య నిలిచేలా కొలిచి ఇచ్చినప్పుడు, ధారాళంగా ఇచ్చినప్పటి కంటే మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఆక్సిజన్ కూడా మందే. డోసు డాక్టరుది.

అవతల కూర్చున్న మనిషికి మీ ఇల్లెక్కడో తెలుసా? ఇది చిన్న విషయం అనిపిస్తుంది. హైదరాబాద్‌లో కూర్చుని క్లాసు చెప్పే అమ్మాయి తెర మీద శ్రీకాకుళం రోగి కుప్పకూలిపోతే ఆమె 108 కొట్టగానే పలికేది తెలంగాణ కేంద్రం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి నెలనెలా ఫీజు కడుతూ, కెమెరాలో అమ్మను చూసుకుంటున్న కొడుకు అక్కడి నుంచి 108కి ఫోన్ చేయలేడు. అందుకే పక్కింటివాళ్ళ నంబరు, ఊళ్ళోని ఆశా కార్యకర్త నంబరు, ఇంటికి గుర్తు చెప్పే పూర్తి చిరునామా అవతలివాళ్ళ దగ్గర రాసి ఉండాలి. కసరత్తు చేసేటప్పుడు రోగి పక్కన పెద్దవాళ్ళెవరైనా ఒకరు ఉండాలి. పిల్లలు దూరంగా ఉన్న ఇళ్ళలో తల్లిదండ్రులు ఒంటరిగా తలుపు గడియపెట్టుకుని చేస్తున్నారు. ఆ గడియ తీసి పెట్టించండి.

ప్రాణాయామం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి వీడియోల్లో చాలాచోట్ల అది కలిసే వస్తుంది. నెమ్మదిగా, గాలి వదలడం మీద దృష్టి పెట్టే సాధన, గురువు ఎదురుగా ఉండి నేర్పితే, మంచిదే. కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం వేరు. గాలి లోపలే చిక్కుకుపోయే ఊపిరితిత్తులకు వేగంగా పీల్చి వదలడం, బిగబట్టడం భారం పెంచుతుంది. కపాలభాతి తర్వాత ఊపిరితిత్తికి చిల్లి పడి గాలి ఛాతీలోకి చేరిన ఒక ఉదంతం 2004లోనే వైద్య పత్రికలో నమోదైంది. మూడు బంతులు లేపే ప్లాస్టిక్ పరికరం, బుడగలు ఊదడం కూడా పునరావాసం అనుకుంటున్నారు. ఆ పరికరం ఎక్కువగా వాడేది ఆపరేషన్ల తర్వాత. సీవోపీడీ మనిషికి కావలసింది కాళ్ళలో బలం.

తమ చేతిలో ఫోను లేని రోగుల గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. పొయ్యి పొగతో జబ్బు తెచ్చుకున్న ఆడవాళ్ళే వాళ్ళు. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ కొడుకు జేబులోనో మనవడి చేతిలోనో ఉంటుంది. క్లాసు పెట్టే పదకొండు గంటలకు ఆవిడ చేలో ఉంటుంది, లేదా వంటింట్లో అదే పొగలో ఉంటుంది. ‘నాకేం జబ్బు, వయసుతో వచ్చే ఆయాసమే’ అని ఆవిడే అంటుంది. ఊదే పరీక్ష, అంటే స్పైరోమెట్రీ, జీవితంలో ఒక్కసారి కూడా చేయించుకోని ఇలాంటివాళ్ళు ఎందరో. వాళ్ళకు ముందు జబ్బు పేరు తెలియాలి. ఫోన్ పునరావాసం వచ్చేసింది కాబట్టి ఇక జిల్లాల్లో ఛాతీ విభాగాలు, ఫిజియోథెరపిస్టులు అక్కర్లేదని ఎవరైనా అనుకుంటే నష్టపోయేది మొదట వీళ్ళే.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను అడిగేది పెద్ద కోరిక కాదు. ప్రతి ఏరియా ఆస్పత్రిలో ఒక ముప్పై మీటర్ల వరండా చాలు. రెండు కుర్చీలు, ఒక మంచి ఆక్సిమీటర్, ఒక స్టాప్‌వాచ్, స్పైరోమీటర్, ఒక ఫిజియోథెరపిస్టు, వారంలో ఒక రోజు. జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో సీవోపీడీ ఇప్పటికే ఉంది. ఆ క్లినిక్‌లకే ఈ తొలి పరీక్షను అప్పగించవచ్చు. అక్కడ పరీక్ష అయ్యాక వారం వారం ఫోన్లు మామూలు ఫోన్‌లోనే, తెలుగులోనే, ఒకే మనిషి చేయవచ్చు. ఈ-సంజీవని ద్వారా డాక్టరు సలహా అందించే ఏర్పాటు ఉండనే ఉంది. 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దూరం నుంచి చూడడం సరిపోతుందా, ఎదురుగా చూడాలా అన్న విచక్షణను డాక్టరు మీదే పెట్టాయి. ఆ బాధ్యతను లింకు పంపి దులుపుకోవడం కుదరదు. ప్రైవేటు ఆస్పత్రులకూ, ఆన్‌లైన్ క్లాసులు నడిపేవాళ్ళకూ ఒకటే నియమం ఉండాలి. తొలి పరీక్ష కాగితం లేనిదే ఎవరినీ చేర్చుకోకూడదు.

ఇప్పటికే ఇలాంటి క్లాసులో చేరి ఉంటే, పరీక్ష చేయించుకునేదాకా ఆ కసరత్తు ఆపండి. ఇంట్లో మామూలు పనులు, మాట్లాడగలిగేంత నెమ్మదిగా నడక, పక్కన మనిషితో, డాక్టరు వద్దనకపోతే చేస్తూ ఉండండి. మంచాన పడకండి. పెదవులో గోళ్ళో నీలంగా మారినా, ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోయినా, ఛాతీలో ఒకవైపు ఉన్నట్టుండి పోటు వచ్చి ఊపిరాడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయినా, మనిషి మత్తుగా తికమకగా ఉన్నా, నెత్తురు పడినా ఫిజియోథెరపిస్టుకు ఫోన్ చేయడానికి సమయం పెట్టకండి. 108. కఫం పెరిగి పసుపు, పచ్చ రంగులోకి మారినా, కాళ్ళు కొత్తగా వాచినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పొగాకు మానలేకపోతున్నవాళ్ళకు 1800 112 356 నంబరులో ఉచితంగా సలహా దొరుకుతుంది.

పరీక్షకు వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలు, సీటీ స్కాన్ ఉంటే అది, గుండె రిపోర్టులు, వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో పట్టుకెళ్ళండి. ఇంట్లో ఉన్న ఆక్సిమీటర్ కూడా తీసుకెళ్ళి ఆస్పత్రిదాని పక్కన పెట్టి సరిచూడమనండి. ఇన్‌హేలర్ తప్పకుండా ఉండాలి. దాన్ని మీరు ఎలా పీలుస్తున్నారో డాక్టరు ముందు ఒకసారి చేసి చూపించండి. పీల్చాల్సిన క్యాప్సూల్‌ను మాత్రలా మింగేస్తున్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.